పరదేశి చేసిన చాసిస్

పరదేశికి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. ముప్పై ఎనిమిదేళ్ళు రేకు మీద సుత్తి వేసినవాడికి చెవులు మిగలవు. ఎవరైనా మాట్లాడుతుంటే తల కాస్త తిప్పి వాళ్ళ నోటి వంక చూస్తాడు. తెలియనివాళ్ళు అది పొగరనుకుంటారు.

పుట్టింది చాట్రాయి పక్క పల్లెలో. అతనికి ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోయారు. ఈసారి బిడ్డని మనవాడు కాదన్నట్టు పిలిస్తే దక్కుతాడని ఆ పేరు పెట్టారు. దక్కాడు. పన్నెండో ఏట తోటలో కాయ కోస్తుంటే కొమ్మ విరిగి కిందపడ్డాడు. కుడికాలు తుంటి దగ్గర దెబ్బతిని పొట్టిదైపోయింది. చెట్టెక్కలేనివాడికి మామిడి తోటల్లో పనేముంటుంది? తండ్రి నూజివీడు తీసుకొచ్చి బస్టాండు వెనకాల టింకరింగ్ షెడ్డులో వీరయ్య దగ్గర వదిలేసి వెళ్ళాడు.

వీరయ్య కొట్టేవాడు, తిట్టేవాడు, కానీ పని దాచుకునేవాడు కాదు. “కొట్టాల్సింది సొట్టని కాదురా, సొట్ట చుట్టూ కొట్టాలి. అంచులు సర్దుకుంటే నడుమ దానంతటదే లేస్తది,” అనేవాడు. పరదేశి ఆ ఒక్కమాటనే పట్టుకుని పాతికేళ్ళు బతికాడు. అంబాసిడర్లు, జీపులు, లారీ క్యాబిన్లు, పెళ్ళి బస్సులు, ఏది గుద్దుకుని వచ్చినా అతని చేతి కింద మళ్ళీ నున్నగా అయ్యేది. పుట్టీ పూసి కప్పేయడం అతనికి చిన్నతనం. రేకునే దారికి తెచ్చేవాడు. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఆ పేరుంది.

తర్వాత కాలం మారింది. కొత్త కార్ల బంపర్లన్నీ ప్లాస్టిక్. తలుపుకి సొట్ట పడితే ఇన్సూరెన్సువాళ్ళు తలుపే మార్చేస్తారు. సొట్ట తీసేవాడితో ఎవరికీ పని లేకుండా పోయింది. పరదేశి షెడ్డుకి ఆటోలూ, ట్రాక్టరు మడ్‌గార్డులూ, రైసుమిల్లు నుంచి వచ్చే చిల్లులుపడ్డ తొట్లూ మిగిలాయి. పిల్లలు లేరు. భార్య కనకమ్మ మామిడి సీజన్‌లో వెంకటరమణ గారి షెడ్డులో కాయ ఏరేది, మిగతా రోజుల్లో బాపులపాడు వైపు నాట్లకి వెళ్ళేది. ఇద్దరూ కలిసి రోజులు నెట్టుకొస్తున్నారు.

ఆ వెంకటరమణ గారే ఒక జూలై నెలలో, కాయ అంతా అయిపోయి షెడ్డు ఖాళీ అయ్యాక, పరదేశికి కబురు పంపాడు. ఆయన మామిడికాయల వ్యాపారి. పనివాళ్ళంతా షావుకారు గారంటారు. అరవై దాటిన మనిషి, గట్టిగా మాట్లాడడం ఎరగడు.

ఆయన షెడ్డులో వరిగడ్డి పక్కన ఒక కారు ఉంది. కారంటే కారు కాదు, కారు మిగిల్చిన తుప్పు. నేలకి ఆనుకున్నట్టు ఇంత ఎత్తు, రెండే సీట్లు, పైకప్పు లేదు. ఒకప్పుడు లేత నీలం రంగు కాబోలు, అక్కడక్కడా కనబడుతోంది. సీట్లలో కోళ్ళు గుడ్లు పెట్టిన గుర్తులున్నాయి.

“ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అంటారు పరదేశీ. ఇంగ్లీషు బండి,” అన్నాడు వెంకటరమణ. “చింతలపూడి రోడ్లో మూతపడిన మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది చూడు, దాని ఓనరుది. నాకు పదేళ్ళప్పుడు కాయ బండి మీద నాన్నతో హనుమాన్ జంక్షన్‌కి వెళ్తుంటే ఇది మమ్మల్ని దాటుకుని పోయింది. ఎడ్లు బెదిరినయ్యి. నాన్న తిట్టాడు. నేను మాత్రం దుమ్ము తగ్గేదాకా అటే చూశాను.”

యాభై ఏళ్ళు ఆ కారు ఫ్యాక్టరీ ఊక గోదాములో పడి ఉందట. ఓనరు మనవళ్ళు గోదాము కూల్చేస్తుంటే ఈయనకి తెలిసి కొనుక్కొచ్చాడు. ఇప్పుడెందుకన్న సంగతి కూడా ఆయనే చెప్పాడు. షుగరు కళ్ళలోకి దిగింది. ఎడమ కంటికి రెండుసార్లు లేజర్ చేశారు, లాభం లేకపోయింది. కుడి కన్ను మసకేస్తోంది. బండి నడపడం మహా అయితే ఇంకో రెండేళ్ళని డాక్టరు చెప్పాడు.

“దీన్ని లేపగలవా?”

పరదేశి కుంటుకుంటూ చుట్టూ తిరిగాడు. వంగి, పడుకుని, కిందికి దూరి, వేలితో పొడిచి చూశాడు. పొడిచినచోటల్లా వేలు లోపలికి దిగిపోయింది. పైకొచ్చి చేతులు దులుపుకున్నాడు.

“పైరేకు లేస్తదండీ. కింద చాసిస్సే పోయిందండీ. ఊక చెమ్మకి లోపల్నుంచి తినేసింది. బండికి ఎన్నుపూసే లేదండీ.”

“ఇంగ్లండు నుంచి తెప్పిద్దామా?”

“ఎందుకండీ,” అన్నాడు పరదేశి. “నేను చేస్తాను.”

ఆ మాట అన్నాక తనకే భయం వేసిందని ఆ రాత్రి కనకమ్మతో చెప్పాడు. చాసిస్ అతుకువేయడం వేరు, చాసిస్ చేయడం వేరు. అలాంటి పని వీరయ్య కూడా చేయలేదు.

ఇంజను సంగతి విజయవాడ ఆటోనగర్ మెకానిక్ ఒకాయన చూసుకున్నాడు. మన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకీ దీనికీ చుట్టరికం ఉంది కాబట్టి సామాన్లు ఎలాగో దొరికాయి. చాసిస్ మాత్రం పరదేశిది. షావుకారు గారి తోటలో కొట్టేసిన పాత చెట్ల మామిడి దిమ్మలు ఆ షెడ్డులోకే తెప్పించి, నేల మీద పరిచి, రసమట్టం పెట్టి చదును చేశాడు. కుళ్ళిన పాత చాసిస్‌ని వాటిమీద బోర్లించి, ఎక్కడెక్కడ ఏ బోల్టు రంధ్రం ఉందో దిమ్మల్లో మేకులు కొట్టుకున్నాడు. కొలతలన్నీ నూలుతాడుతో మూల నుంచి మూలకి తీశాడు. అతను రాసుకున్నదేమీ లేదు, ముడులు వేసుకున్నాడు. మందం రేకు ఆటోనగర్లో వంపు తీయించి తెచ్చుకుని, ఒక్కో ముక్కా కోసి, చల్లారనిచ్చి, మళ్ళీ కొలిచి, మళ్ళీ అతికాడు. వేడికి ఇనుము ఒక వెంట్రుకవాసి వంకరపోయినా ఆ ముక్క తీసి పారేసేవాడు.

వెంకటరమణ సాయంత్రం పూట వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. ఒకరికి వినబడదు, ఒకరికి కనబడదు. ఎప్పుడైనా ఆయన చాసిస్ మీద చెయ్యి పెట్టి, వేళ్ళతో తడుముతూ అతుకు వెంబడి పోయేవాడు.

“ఇక్కడ అతుకుందా?”

“ఉందండీ.”

“తగల్లేదే.”

పరదేశి నవ్వేవాడు. అతని జీవితంలో అంతకంటే పెద్ద మెప్పు అంతకుముందు లేదు.

మార్చి చివరికి చాసిస్ అయింది. ఏప్రిల్లో కాయ దిగింది. షెడ్డు నిండా క్రేట్లు, ఏరే ఆడవాళ్ళు, లారీలు. కారు ముక్కలన్నీ మూడు నెలలు తోటలో టార్పాలిన్ కింద ఉన్నాయి. పరదేశి రోజూ పొద్దున్నే వెళ్ళి పట్టా ఎత్తి, చాసిస్‌కి చెమ్మ తగిలిందేమోనని చూసి, నూనెగుడ్డతో తుడిచి వచ్చేవాడు. కనకమ్మ నవ్వింది. “నాకు జొరమొస్తే ఇన్నిసార్లు చూళ్ళేదు నువ్వు.”

వానలు మొదలయ్యాక పైరేకు పట్టుకున్నాడు. ఆ బండికి బానెట్టూ ముందు మడ్‌గార్డులూ అన్నీ ఒకటే రేకు, మొత్తం మూతలా ముందుకి తెరుచుకుంటుంది. దాన్ని సుత్తితో కొట్టి కొట్టి, అద్దంలా చేసేసరికి సంక్రాంతి దగ్గరకొచ్చింది. లేత నీలం రంగు వేశారు. షెడ్డులో పనివాళ్ళు దాన్ని పిట్ట అని పిలవడం మొదలుపెట్టారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం తోటలోనే నడిపి చూశారు. వెంకటరమణ స్టీరింగ్ పట్టుకున్నాడు, పక్కన పరదేశి. మామిడి పూత మీద ఉంది. కింది కొమ్మలు తలకి తగలకుండా పరదేశి చెయ్యి అడ్డం పెడుతున్నాడు. చెట్ల వరసల మధ్య ఒక చుట్టు తిరిగారు. గుంటలో పడి లేచినప్పుడు కిర్రుమనలేదు, కదల్లేదు. చెవికి ఇంజను సరిగా వినబడకపోయినా, కూర్చున్నచోట నుంచి దాని అదురు వెన్నులోకి ఎక్కింది పరదేశికి. ఆయన బండి ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“ఇంకో చుట్టు తిప్పండి,” అన్నాడు పరదేశి.

“ఇప్పుడొద్దులే. నంబరు రానీ. రోడ్డు మీద వెళ్దాం, జంక్షన్ దాకా.”

నంబరు సంగతి ఆయన మేనల్లుడు రవికిరణ్ చూస్తున్నాడు. పాత మద్రాసు నంబరు ఎప్పుడో చెల్లిపోయింది. యాభై ఏళ్ళు దాటిన బళ్ళకి ఇప్పుడు వేరే నంబరిస్తున్నారు, దానికి కమిటీ వచ్చి బండి చూస్తుంది. బండి పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండాలి. రంగు వేసుకోవచ్చు, చిన్నచిన్న సామాన్లు మార్చుకోవచ్చు. చాసిస్ మార్చకూడదు. రవికిరణ్ ఈ రూల్ తెచ్చి షెడ్డులో ఇద్దరికీ చదివి వినిపించాడు.

“చూస్తే తెలీదు మామయ్యా,” అన్నాడు కాగితం మడిచి రవికిరణ్. “చాసిస్ నంబరు కొట్టిన రేకు పాతదే తీసి బిగించాడుగా. మనం చెప్పకపోతే ఎవరికీ తెలీదు.”

వెంకటరమణ పరదేశి వైపు తిరిగి, నోరు కనబడేలా నెమ్మదిగా చెప్పాడు. “అక్కడ నువ్వేం మాట్లాడొద్దు. అడిగితే నేను చెప్తాను.”

“అలాగేనండీ,” అన్నాడు పరదేశి.

మార్చిలో బండిని లారీ ఎక్కించి విజయవాడ తీసుకెళ్ళారు. ఒక మైదానంలో కమిటీవాళ్ళు ముగ్గురొచ్చారు. అందులో కల్యాణి గారని ఒకావిడ, నలభై ఏళ్ళుంటాయి, ఇంజనీరు. మిగతా ఇద్దరూ పైపైన చూసి కాగితాల్లో పడ్డారు. ఆవిడ మాత్రం చీర కొంగు బిగించి, నేల మీద న్యూస్‌పేపరు పరుచుకుని, టార్చి పట్టుకుని బండి కిందికి దూరింది. చాలాసేపు బయటికి రాలేదు. పరదేశి బండికి దగ్గరగా జరిగాడు. భయంతో కాదు. ఎవరో తన పని చూస్తున్నారు. ఇంతకాలానికి, పని తెలిసినవాళ్ళు ఎవరో చూస్తున్నారు.

ఆవిడ లేచి జుట్టు దులుపుకుంది.

“చాసిస్ ఏం మార్చలేదు కదండీ?”

“లేదండీ,” అన్నాడు వెంకటరమణ. “కడిగించి రంగేయించామంతే.”

అది ముందే అనుకున్న మాట. దారి పొడుగునా లారీలో మూడుసార్లు చెప్పుకున్న మాట. ఆ ‘అంతే’ ఆయన పెదాల మీద పరదేశికి స్పష్టంగా కనబడింది.

“మీ అదృష్టమండీ,” అంది ఆవిడ. నిజంగానే సంబరంగా ఉంది. గొంతు పెద్దది, పరదేశికి ప్రతి మాటా వినబడింది. “ఎన్ని పాతబళ్ళు చూశానో, ఇంత శుభ్రమైన చాసిస్ చూళ్ళేదు. ఆ అతుకులు చూడండి, అరవై ఏళ్ళలో ఒక్కటీ చిట్లలేదు. ఆ కాలం ఇంగ్లండు పనివాళ్ళు అలా ఉండేవాళ్ళు. మన దగ్గర ఇలాంటి చెయ్యి ఎక్కడుందండీ?”

“నేనేనండీ,” అన్నాడు పరదేశి.

ఆవిడ వెనక్కి తిరిగింది. “ఏంటండీ?”

“ఆ అతుకులు నేనేసినయ్యండీ. చాసిస్ మొత్తం నేనే చేశానండీ. మామిడి దిమ్మల మీద పెట్టి చేశాను.”

అక్కడితో ఆగలేదు. కుంటికాలు చాపుకుని బండి పక్కన కూలబడి, ఏ ముక్క ఎక్కడ మొదలయ్యిందో, ఎక్కడ వంకరపోతే తీసేశాడో, తాడుకి ఎన్ని ముడులు వేశాడో అన్నీ చెప్పుకుపోయాడు. అంతసేపు అతను మాట్లాడడం వెంకటరమణ ఎప్పుడూ చూడలేదు. ఆవిడ మొదట నవ్వుతూ వింది. తర్వాత నవ్వు తగ్గింది. తర్వాత ఆవిడ పరదేశిని కాకుండా వెంకటరమణని చూడడం మొదలుపెట్టింది. ఆ చూపు వెంబడి తనూ తల తిప్పి, షావుకారు గారి ముఖం చూసి, పరదేశి ఆగిపోయాడు.

“మీరు చెప్పకపోతే నేను కనిపెట్టగలిగేదాన్ని కాదండీ,” అంది ఆవిడ, మెల్లగా. “నిజం చెప్తున్నాను. కానీ విన్నాక రాయకుండా ఉండలేను.”

రాసింది.

తిరుగు ప్రయాణంలో హనుమాన్ జంక్షన్‌లో టీకి ఆపారు. వెంకటరమణ ఎప్పటిలాగే పరదేశి చేతికి గ్లాసు తనే అందించాడు. పరదేశి ఆ టీ తాగలేకపోయాడు. వేడి చల్లారిపోయేదాకా పట్టుకుని, వెనక్కి వెళ్ళి పారబోశాడు.

కాగితం ఏప్రిల్లో వచ్చింది. ఒకటే పేజీ. చాసిస్ మార్చినందున ఈ బండి ఆ వరసలో నమోదు కాదు. రవికిరణ్ పైవాళ్ళ దగ్గరికి రెండుసార్లు తిరిగాడు. రూల్ రూలే. నంబరు లేకుండా రోడ్డెక్కడానికి వీల్లేదు. ఆ ఎండాకాలం గడిచేసరికి వెంకటరమణ కుడి కన్ను కూడా దాదాపు పోయింది. మనిషి ముఖం వెలుతురుకి అడ్డంగా ఉంటే గుర్తుపట్టగలడు, అంతే.

కనకమ్మ ఎప్పటిలాగే ఆయన షెడ్డుకి కాయ ఏరడానికి వెళ్ళింది. ఎవరూ ఆమెని ఒక్కమాట అనలేదు. అది ఆమెకి మరీ కష్టమైంది.

“ఆ ఒక్క ముక్కా మింగలేకపోయావా?” అని అడిగిందొకరోజు అన్నం పెడుతూ. “పెళ్ళైన కాడ్నించీ చూస్తన్నాను, ఎన్ని మింగావు నువ్వు! సగం డబ్బులిచ్చి పోయినోళ్ళని మింగావు, కుంటోడా అన్నోళ్ళని మింగావు. ఇదొక్కటి మింగితే ఆ మహానుభావుడు కళ్ళుండగా నాలుగు రోజులు తిరిగేవాడుగా.”

పరదేశి ముద్ద కలుపుతూనే ఉన్నాడు. వినబడలేదనుకుందామంటే ఆమె ఎదురుగానే కూర్చుంది.

మళ్ళీ జూలై వచ్చింది. వెంకటరమణ డ్రైవర్ని వెంటబెట్టుకుని పరదేశి షెడ్డుకి స్వయంగా వచ్చాడు. కోయంబత్తూరులో ఒకాయనకి ఇదే కారు, కాగితాలు సరిగా ఉన్నది, ఉందట. దానికి బానెట్టు, ఇంజను, చక్రాలు, తలుపులు కావాలట.

“విప్పడానికి నువ్వే రావాలి పరదేశీ. వేరేవాళ్ళైతే విరగ్గొడతారు.”

“చాసిస్సండీ?”

“వద్దన్నాడు. తన బండిది తనకుందట.”

పరదేశి వెళ్ళాడు. బిగించడానికి ఏడాదిన్నర పట్టినది విప్పడానికి ఒక పగలు సరిపోయింది. తన బోల్టులు తనకి తెలుసు, ఒక్కటీ మొరాయించలేదు. తలుపులు తీసి గోనెసంచుల్లో చుట్టాడు. బానెట్టు నలుగురు పట్టుకుని లారీలో వరిగడ్డి మీద పడుకోబెట్టారు. వెంకటరమణ అదే స్టూలు మీద కూర్చుని చప్పుళ్ళు వింటున్నాడు. మధ్యాహ్నం కూలీలు అన్నాలకి వెళ్ళాక ఇద్దరే మిగిలారు.

“ఆ రోజు నీకు నా మాట సరిగా వినపడలేదేమో పరదేశీ,” అన్నాడు వెంకటరమణ. “ఇంట్లోవాళ్ళందరికీ అదే చెప్పాను. పాపం చెవులు లేవు, మాట్లాడొద్దన్నది అర్థమై ఉండదు అని.”

ఊఁ అంటే సరిపోయేది. ఆయన దానికోసమే అన్నాడు.

“వినపడిందండీ,” అన్నాడు పరదేశి.

వెంకటరమణ ఆ గొంతు వైపు ముఖం తిప్పాడు. “మరెందుకు చెప్పావు?”

“తెలీదండీ. ఆవిడ ఇంగ్లండోళ్ళు చేశారంది. ఇక్కడ ఆ చెయ్యి లేదంది.” చేతిలో స్పానరు కింద పెట్టాడు. “మీ కళ్ళు అప్పుడు గుర్తుకి రాలేదండీ. తర్వాతొచ్చినయ్యి.”

వెంకటరమణ తల ఊపాడు. కోపం లేదు, క్షమించినట్టూ లేదు.

“తోటలో ఆ రోజు ఇంకో చుట్టు తిప్పమన్నావు,” అన్నాడు. “తిప్పాల్సింది.”

కూలీలు వచ్చారు. పరదేశి లేచి ఇంజను కట్టిన గొలుసు పట్టుకున్నాడు.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలుసుకోలేదు. పరదేశి మళ్ళీ చాసిస్ చేయలేదు. ఇంటి గేట్లు, కిటికీ ఊచలు, మెట్ల రెయిలింగులు అతుకుతున్నాడు. ఎవరైనా సొట్టపడ్డ ఆటో తెస్తే పుట్టీ పూసి పంపేస్తున్నాడు. సగం రేటుకి అదే చాలని వచ్చినవాళ్ళే అంటున్నారు. ఒకసారి రవికిరణ్ స్నేహితుడెవరో పాత జీపు తెచ్చి, కింద చాసిస్ చెయ్యగలవా అని అడిగితే, చెయ్యలేనన్నాడు. అబద్ధం చెప్పినట్టు మొహం ఎర్రబడింది.

మళ్ళీ కాయ దిగిన ఏప్రిల్లో ఒకరోజు కనకమ్మ షెడ్డు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, అతనికి అన్నం పెట్టి, తనూ కంచం ముందేసుకుని కూర్చుంది.

“నువ్వు చేసిందాన్ని గోడవార ఇటికెల మీద పెట్టారు,” అంది. “చెక్కలు పరిచి క్రేట్లు పేరుస్తన్నారు దాని మీద.”

పరదేశి ముద్ద ఆపాడు. “ఎన్ని?”

“లెక్కెట్టలేదు. మనిషెత్తు ఉన్నయ్యి.”

“నడుమ వంగిందా?”

“ఏంటి?”

“నడుమ, నడుమ. కిందికి వంగిందా?”

కనకమ్మ గుర్తు తెచ్చుకుంది. “లేదు. తిన్నగానే ఉంది.”

పరదేశి మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. మర్నాడు వెళ్ళి ఒకసారి చూసొద్దామనుకున్నాడు. మర్నాడు వెళ్ళలేదు. ఆ సీజన్ మొత్తం షావుకారు గారి షెడ్డున్న వీధి వైపే వెళ్ళలేదు.